సమీకరణం చదవని వారికి ఖండనాధికారం లేదు, మండనాధికారమూ లేదు



విశాఖపట్టణానికి నైరుతి దిశలో, సముద్రతీరానికి చేరువగా అచ్యుతాపురం ఉన్నది. చ్యుతి లేనివాడు అచ్యుతుడు. ఆ భగవన్నామమే ఆ గ్రామానికి నామమైనది. నేడు అక్కడ ప్రత్యేక ఆర్థిక మండలి కర్మాగారాలు వెలసినవి. భాభా అణుపరిశోధన కేంద్రం తన విశాఖ ప్రాంగణాన్ని ఆ ప్రాంతంలోనే నిర్మిస్తున్నది. ఆ మండలంలోని పూడిమడక నుండి వేటకు వెళ్లే మత్స్యకారుడు తీరం కనుమరుగైన తరువాత జి.పి.ఎస్. యంత్రాన్ని చూచి దిక్కు తెలుసుకొంటున్నాడు. అణుశాస్త్రజ్ఞుని గణితంలోనూ, జాలరి చేతి యంత్రంలోనూ ఒకే సిద్ధాంతం పనిచేస్తున్నది. అది 1905లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ప్రకటించిన విశిష్ట సాపేక్షతా సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం ఇంత సమీపంలో ఉండగా ఆస్తికలోకంలో దానిని గురించి రెండు కంఠాలే బిగ్గరగా వినబడుతున్నవి. ఒకటి ఆరోపవాదుల కంఠం: "ఇదంతా వేదంలో ఎప్పుడో చెప్పినదే, ఐన్‌స్టీన్ కొత్తగా చెప్పినదేమీ లేదు." రెండవది ఖండనవాదుల కంఠం: "ఇది పాశ్చాత్యుల భ్రమ, దాని మూలంలోని గణితమే దోషభూయిష్ఠం." ఒకరు సిద్ధాంతాన్ని ఎత్తుకొనిపోయి తమ ఇంట దాచుకొంటారు, మరొకరు దానిని వీధిలో పారవేస్తారు. ఇద్దరికీ సమానమైన లక్షణం ఒక్కటే: ఆ సిద్ధాంతానికి పునాది అయిన సమీకరణాన్ని ఇద్దరూ చదవలేదు.

శాస్త్రమర్యాద దీనికి అంగీకరించదు. పూర్వపక్షాన్ని పూర్వపక్షి స్వయంగా చెప్పినదానికన్న స్పష్టంగా అనువదించిన తరువాతనే సిద్ధాంతి నోరు తెరవాలి. శంకరులు బౌద్ధమతాన్ని, వైశేషికాన్ని ఖండించిన తీరు ఇదే. తత్త్వనిర్ణయార్థం జరిగేది వాదం, గెలుపుకోసం జరిగేది జల్పం, స్వపక్షస్థాపన లేక పరపక్షాన్ని కూల్చడమే పనిగా పెట్టుకొన్నది వితండ అని న్యాయశాస్త్రం విభజించింది. ఆరోపవాదులు చేస్తున్నది జల్పం, ఖండనవాదులు చేస్తున్నది వితండ. వాదం ఇంకా ఆరంభం కాలేదు.

ఆరోపవాద పరీక్ష

ఆరోపవాదుల ప్రధానాయుధం సాయణభాష్యం. ఋగ్వేదం ప్రథమ మండలం 50వ సూక్తంలోని నాల్గవ మంత్రానికి భాష్యం వ్రాస్తూ, నిమిషార్ధంలో 2,202 యోజనాలు నడిచే సూర్యునికి నమస్కారమనే భావం గల ఒక స్మృతివచనాన్ని సాయణాచార్యులు ఉదాహరించారు. సాయణులు విజయనగర సామ్రాజ్యపు తొలి ప్రభువుల కాలంలో, 14వ శతాబ్దంలో ఉన్నవారు. "ఇది కాంతివేగమే, ఇదే సాపేక్షత" అని వేదికలమీద ప్రకటన జరుగుతుంది, చప్పట్లు మ్రోగుతాయి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టివేయమనే స్థితి ఇది.

లెక్క వేసి చూడవలసి ఉన్నది. నిమిషమెంత? విష్ణుపురాణం 15 నిమిషాలను ఒక కాష్ఠ అన్నది. ఆ మానంలో అహోరాత్రానికి 4,05,000 నిమిషాలు. మనుస్మృతి 18 నిమిషాలను కాష్ఠ అన్నది, అప్పుడు 4,86,000. అమరకోశం కాష్ఠను 18 నిమిషాలుగానే చెప్పినా, కళకూ ముహూర్తానికీ నడుమ క్షణమనే మరొక మెట్టును పెట్టింది, అప్పుడు 58,32,000. ఇక యోజనమెంత? సూర్యసిద్ధాంతం భూవ్యాసాన్ని 1,600 యోజనాలన్నది. ఆర్యభటుడు 1,050 అన్నాడు. భూవ్యాసం 12,742 కిలోమీటర్లుగా గ్రహిస్తే మొదటి యోజనం దాదాపు 8 కిలోమీటర్లు, రెండవది దాదాపు 12 కిలోమీటర్లు.

మూడు నిమిషమానాలు, రెండు యోజనమానాలు కలిపితే ఆరు ఫలితాలు. సెకనుకు సుమారు 1,64,000, 1,97,000, 2,50,000, 3,00,000, 23,67,000, 36,00,000 కిలోమీటర్లు. నిజమైన కాంతివేగం 2,99,792. ఆరింటిలో ఒకటి, అనగా మనువు నిమిషాన్ని ఆర్యభటుని యోజనంతో కలిపినది, సత్యానికి చాలా సమీపంగా వచ్చిన మాట దాచవలసిన పని లేదు. కాని ఆ కలయికనే ఎందుకు గ్రహించాలో ఆ వచనంలో సూచన లేదు. జవాబు ముందుగా తెలుసుకొని, దానికి తగిన కొలతను తరువాత ఎన్నుకొన్నవాడు గణకుడు కాడు. పైగా ఆ వచనం సంబోధించినది సూర్యుని, నడక చెప్పినది సూర్యునికి, కాంతికి కాదు.

ఇదంతా విడిచి, ఆ సంఖ్య కాంతివేగమే అని ఒప్పుకొన్నా సాపేక్షత సిద్ధించదు. కాంతికి పరిమితవేగం ఉన్నదని 1676లో రోమర్ గురుగ్రహపు ఉపగ్రహం గ్రహణకాలాలను పరిశీలించి చూపాడు. అతనిని ఎవరూ సాపేక్షతాకర్త అనలేదు. సాపేక్షత చెప్పేది కాంతి ఎంత వేగంగా పోతుందన్నది కాదు. సమవేగంతో పరస్పరం కదిలే పరిశీలకులందరికీ ఆ వేగం ఒకటే అన్నది. ఆ ఒక్క మాటనుండి కాలస్వరూపాన్ని గురించి ఏమి తేలుతుందో చూపేదే ఆ సమీకరణం.

సమీకరణ స్వరూపం

దానిని ఆంశిక అవకలన సమీకరణం అంటారు. పేరు భయపెట్టేది గాని వస్తువు సులభమే. పూడిమడక తీరంలో నీటిమట్టం రెండింటిపై ఆధారపడి ఉంటుంది: స్థలం, కాలం. ఒకేచోట నిలబడి గంటగంటకు నీరు ఎంత పెరిగిందో చూడడం ఒక పద్ధతి. ఒకే క్షణంలో తీరం వెంబడి చోటుచోటుకూ నీరు ఎంత తేడాగా ఉన్నదో చూడడం రెండవ పద్ధతి. ఒకదానిని స్థిరంగా నిలిపి రెండవదానివలన కలిగే మార్పురేటును కొలవడమే ఆంశిక అవకలనం. ఈ రెండు మార్పురేట్లకూ గల సంబంధాన్ని చెప్పే వాక్యం ఆంశిక అవకలన సమీకరణం.

ఈ గణితానికి గురుపరంపర ఉన్నది. కంపించే తంత్రికి తరంగ సమీకరణాన్ని 18వ శతాబ్దంలో డాలంబేర్ వ్రాశాడు. 1860 దశకంలో మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సమీకరణాలనుండి అదే రూపాన్ని రాబట్టి, కాంతి కూడా అట్టి తరంగమేనని నిరూపించాడు. అయితే గెలీలియో కాలంనుండి వాడుకలో ఉన్న వేగసంకలన నియమంతో పరిశీలకుని మార్చగానే తరంగ సమీకరణం రూపు చెడిపోతుంది. ఆ రూపు చెడని పరివర్తనలను 1887లో వోల్డెమార్ ఫోగ్ట్ ఒక తీరున, 1904లో లోరెంట్జ్ మరింత పరిపూర్ణంగా వ్రాశారు. 1905లో పాంకరే వాటికి లోరెంట్జ్ పేరు పెట్టాడు. అదే సంవత్సరం స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో పేటెంట్ కార్యాలయపు ఉద్యోగి, 26 ఏళ్ల ఐన్‌స్టీన్, తరంగ సమీకరణంతో ఆరంభించక, గడియారాలు సరిచూచుకొనే పద్ధతినుండే ఆ పరివర్తనలను సాధించాడు. ఆ వ్యాసంలోని మూడవ విభాగంలోనే ప్రకృత సమీకరణం ఉన్నది.

దానిని ఒక ఊహారథంతో అనుసరించవచ్చును. కాంతివేగంలో అయిదింట మూడు వంతుల వేగంతో ఒక రథం పోతున్నది. వెనుక కొసలో దీపం, ముందు కొసలో దర్పణం. భూమిమీద నిలిచినవాని కొలతలో వాటి నడుమ దూరం 16. ఇక్కడ దూరానికి ప్రమాణం, కాంతి ఒక సెకనులో పోయే దూరం. దీపకిరణం బయలుదేరింది. దర్పణం ముందుకు పారిపోతున్నది గనుక భూమిమీది వాని లెక్కలో కిరణానికి దర్పణానికి నడుమ దూరం సెకనుకు అయిదింట రెండు వంతులే తరుగుతుంది. 16ను అయిదింట రెండుతో భాగిస్తే 40 సెకన్లు. తిరుగుప్రయాణంలో దీపం ఎదురువస్తున్నది. దూరం సెకనుకు అయిదింట ఎనిమిది వంతులు తరుగుతుంది. పట్టేది 10 సెకన్లు. మొత్తం 50.

రథంలోనివానికీ కాంతివేగం పోవునప్పుడు, వచ్చునప్పుడు ఒకటే. రథం అతనికి నిలిచియున్నదే. కావున అతని గడియారాల లెక్కలో కిరణం దర్పణాన్ని తాకిన కాలం, బయలుదేరిన కాలానికీ తిరిగి చేరిన కాలానికీ సరిగా మధ్యన ఉండాలి. భూమిమీది వానికి 40, 10. రథంలోనివానికి రెండు సమభాగాలు. ఈ రెండింటినీ పొసగించే కాలఫలనం ఏది అన్నదే ప్రశ్న.

దూరాన్ని అత్యల్పంగా గ్రహించి ఆ మధ్యకాల నియమాన్ని వ్రాస్తే సమీకరణం ఇలా ఏర్పడుతుంది: రథకాలానికి దూరాన్నిబట్టి కలిగే మార్పురేటుకు, భూకాలాన్నిబట్టి కలిగే మార్పురేటును ఒక గుణకంతో హెచ్చవేసి కలిపితే సున్న రావాలి. ఆ గుణకం, రథవేగాన్ని కాంతివేగవర్గ రథవేగవర్గాల భేదంతో భాగించగా వచ్చినది. ఈ ఉదాహరణంలో అది పదహారింట పదిహేను వంతులు. దీని సాధన: భూకాలంలోనుండి, దీపంనుండి గల దూరానికి పదహారింట పదిహేను వంతులు తీసివేయగా మిగిలినదానిమీదనే రథకాలం ఆధారపడుతుంది.

పరీక్షించి చూడవచ్చును. బయలుదేరినప్పుడు కాలం 0, దూరం 0, శేషం 0. దర్పణాన్ని తాకినప్పుడు కాలం 40, దూరం 16; 16లో పదహారింట పదిహేను వంతులు 15; శేషం 25. తిరిగి చేరినప్పుడు కాలం 50, దూరం 0, శేషం 50. సున్నకూ ఏబదికీ మధ్య ఇరువదియైదు. నియమం నిలిచింది. ఈ శేషాన్ని ఒక స్థిరగుణకంతో హెచ్చవేస్తే రథకాలం వస్తుంది. ఎదురువేగంతో మరల పరివర్తన చేస్తే మొదటి స్థితికే రావాలి, అడ్డు కొలతలకు దిశాభేదం ఉండరాదు అన్న వాదంతో ఆ గుణకం ఇక్కడ అయిదింట నాలుగు అని తేలుతుంది. అప్పుడు భూమిమీది వానికి 50 సెకన్లు గడిస్తే రథంలోని దీపంవద్ద గడిచినవి 40. పోవడానికి 20, రావడానికి 20.

చేతివ్రేళ్ల మీద లెక్కించదగిన ఈ గణితంలోనే సిద్ధాంతహృదయం ఉన్నది. దీనిని అరగంట అనుసరించడానికి ఓపిక లేనివారే ఆరునెలలు దీనిమీద ఉపన్యసిస్తున్నారు.

ఖండనవాద పరీక్ష

ఖండనవాదుల మొదటి ఆక్షేపం: "కాంతివేగం ఎవరికైనా ఒకటే అని ప్రతిజ్ఞ చేసి, సాధనలో కాంతివేగంనుండి రథవేగాన్ని తీసివేశాడు, మరొకచోట కలిపాడు. ఇది స్వవచన వ్యాఘాతం." కాదు. భూమిమీది వాని కొలతలో కిరణవేగం ఎప్పుడూ ఒకటే. తరిగేది కిరణానికీ దర్పణానికీ నడుమ దూరం. ఆ దూరం తరిగే రేటు ఏ వస్తువు వేగమూ కాదు. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్లు గంటకు చెరి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే నడుమ దూరం గంటకు 120 చొప్పున తరుగుతుంది. అందువలన ఏ ఇంజనూ 120తో నడిచినట్లు కాదు. ఈ భేదం తెలియనివాడు వ్యాఘాతాన్ని చూడలేదు, తన తొందరపాటునే చూచాడు.

రెండవ ఆక్షేపం: "దీపంనుండి గల దూరం కాలంతో మారేది, మారేదానిని స్థిరంగా నిలిపి అవకలనం చేయడం అక్రమం." ఓడలో కూర్చున్న ప్రయాణికుడు ఓడ ముందుకొసనుండి ఎంత దూరంలో ఉన్నాడన్నది ఓడ విశాఖ రేవులో ఉన్నా నడిసముద్రంలో ఉన్నా మారదు. తీరంనుండి దూరం మారుతుంది. సమీకరణంలో ఉన్నది మొదటి తీరు దూరం. దానినీ కాలాన్నీ రెండు స్వతంత్రరాశులుగా గ్రహించడంలో అక్రమం ఏమీ లేదు.

మూడవది కొంచెం బరువైన ఆక్షేపం: "ఈ సమీకరణానికి సాధనలు అనంతం. ఆ శేషం యొక్క వర్గమైనా, ఘనమైనా సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది. ఐన్‌స్టీన్ కేవలం ఏకఘాత రూపాన్నే ఎన్నుకొన్నాడు, అది పక్షపాతం." సమీకరణానికి అనంత సాధనలు ఉన్న మాట నిజం. కాని ఏకఘాతత్వం ఎక్కడినుండి వచ్చిందో ఐన్‌స్టీన్ అదే విభాగంలో చెప్పాడు: దేశకాలాలు సజాతీయాలు గనుక, అనగా ఏ చోటుకూ ఏ క్షణానికీ విశేషాధికారం లేదు గనుక, పరివర్తన ఏకఘాతమే కావాలి. చదివినవానికి ఆ వాక్యం కనబడుతుంది.

అంతేకాదు. అవకలన సమీకరణం మధ్యకాల నియమపు సూక్ష్మరూపం మాత్రమే. దానికి జనని అయిన మూలనియమం ఎంత దూరానికైనా నిలవాలి. ఘనాన్ని పరీక్షిద్దాం. 50 ఘనం 1,25,000. అందులో సగం 62,500. దర్పణస్పర్శకాలంలో 25 ఘనం 15,625. సగానికి సమీపంగానైనా లేదు. వర్గమూ ఇలాగే విఫలమవుతుంది: 50 వర్గంలో సగం 1,250; 25 వర్గం 625. అన్ని దూరాలకూ అన్ని ఆరంభకాలాలకూ మధ్యకాల నియమం నిలవాలంటే, అవిచ్ఛిన్నమైన ఫలనాలలో ఏకఘాతం తప్ప మరొకటి మిగలదు. కూతురిలో దోషం పట్టుకొన్నామని సంబరపడినవారు తల్లిని పలకరించలేదు.

నాల్గవది: "మధ్యకాలం సరిగా సగమే అని ఎవరు చెప్పారు?" ఎవరూ చెప్పలేదు, అది పరిభాష. ఎడంగా ఉన్న రెండు గడియారాలు సరిపోయినవని ఏ అర్థంలో అనాలో ఐన్‌స్టీన్ ముందుగా నిర్వచించి తరువాతనే గణితం ఆరంభించాడు. పరిభాషాసూత్రాన్ని విధివాక్యంగా భ్రమించి దానికి ప్రమాణం అడగడం వ్యాకరణ విద్యార్థి కూడా చేయని పొరపాటు. పరిభాషనుండి పుట్టిన ఫలితాలు లోకంలో నిలిచినవా లేదా అన్నదే పరీక్ష.

నిలిచినవి. ఊర్ధ్వాకాశంలో పుట్టే మ్యువాన్ అనే సూక్ష్మకణం సగటు ఆయువు సెకనులో పదిలక్షల వంతులు 2.2 మాత్రమే. కాంతివేగంతో పరుగెత్తినా ఆ కాలంలో పోగలిగేది 660 మీటర్లు. అయినా అనేక కిలోమీటర్ల పైనుండి బయలుదేరినవి నేలను చేరుతున్నవి. వాటి కాలం మెల్లగా నడుస్తున్నది గనుక. 1941లో రోసీ, హాల్ దీనిని కొలిచారు. 1971లో హఫేలే, కీటింగ్ పరమాణు గడియారాలను విమానాలలో భూమి చుట్టూ త్రిప్పి తేడాను చూపారు. జి.పి.ఎస్. ఉపగ్రహంలోని గడియారం తన వేగంవలన రోజుకు 7 మైక్రోసెకన్లు వెనుకబడుతుంది. ఎత్తులో గురుత్వాకర్షణ తక్కువైనందున 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. ఈ తేడాలను లెక్కించి సవరించిన కాలంమీదనే ఆ వ్యవస్థ నడుస్తున్నది. 7 మైక్రోసెకన్లలో కాంతి 2 కిలోమీటర్లు పోతుంది. సమీకరణం తప్పని వాదించే పండితుడు ఆ వాదాన్ని పూడిమడక జాలరి పడవలో కూర్చుని చేస్తే, తిరిగి ఇల్లు చేరేది మాత్రం ఆ సమీకరణం దయవల్లనే.

"సర్వం సాపేక్షం" అనే అపసిద్ధాంతం

ఆరోపవాదులలో సూక్ష్మబుద్ధులు మరొక మార్గం పడతారు. "ఐన్‌స్టీన్ సర్వం సాపేక్షమన్నాడు, శంకరులు జగత్తు మిథ్య అన్నారు, రెండూ ఒకటే." రెండూ ఒకటి కావు. రెండింటికీ అన్యాయం ఇది.

రథోదాహరణాన్నే మరల చూడాలి. భూమిమీది వానికి కాలం 50. ఆ కాలంలో దీపం జరిగిన దూరం 30. 50 వర్గంనుండి 30 వర్గాన్ని తీసివేస్తే 1,600, అనగా 40 వర్గం. రథంలోనివానికి కాలం 40, దూరం సున్న, అక్కడా 1,600. కాలం మారింది, దూరం మారింది; ఈ అంతరం మారలేదు. ఎవరు కొలిచినా ఇంతే. సాపేక్షతా సిద్ధాంతం సాధించినది ఈ మారని రాశిని. "ఏదీ నిలకడ కాదు" అనే నిరాశావాదాన్ని కాదు. 30, 40, 50 అన్న సంఖ్యలు చూచి, వేదినిర్మాణంలో 3, 4, 5 రజ్జువులను చెప్పిన ఆపస్తంబ శుల్బసూత్రంలోనే సాపేక్షత ఉన్నదని రేపు ఎవరైనా బయలుదేరవచ్చును. ఆపస్తంబుని మహిమకు ఆ మద్దతు అక్కరలేదు. ఆయన కొలిచినది భూమిని. కాలాన్ని కర్ణంగా పెట్టి కాదు.

అద్వైతంలో మిథ్యాత్వమంటే బ్రహ్మజ్ఞానంచేత బాధింపబడడం. రథంలోనివాని 40 సెకన్లు భూమిమీది వాని 50 సెకన్లచేత బాధింపబడవు. రెండూ వ్యవహారంలో సమాన సత్యాలు. వ్యావహారిక సత్తలోని ఒక సూక్ష్మనియమాన్ని తెచ్చి పారమార్థిక నిర్ణయానికి సాక్ష్యంగా నిలపడం వేదాంతానికి సేవ కాదు.

శాస్త్రం ఎదుర్కొనవలసిన నిజమైన ప్రశ్న

అసలు ప్రశ్న మరొకచోట ఉన్నది. దానిని ఎవరూ తాకడం లేదు. తర్కం నేర్చే ప్రతి బాలుడూ మొదట పట్టే గ్రంథం తర్కసంగ్రహం. ఆంధ్రుడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు అందులో కాలం ఒక్కటే, విభువు, నిత్యం అని నిరూపించాడు. దానికి మూలమైన వైశేషిక దర్శనం కాలానుమితికి హేతువులను చెబుతూ పరత్వం, అపరత్వం, చిరం, క్షిప్రం, వీటితోపాటు యౌగపద్యాన్ని, అనగా "ఏకకాలంలో" అన్న ప్రతీతిని లెక్కించింది. అందరికీ సాధారణమైన యౌగపద్యం ఉన్నది గనుక దానికి ఆశ్రయమైన కాలద్రవ్యం ఒకటి ఉన్నది అన్నది అనుమానం.

పై సమీకరణం తాకినది సరిగా ఆ హేతువునే. రథంలోనివాని గడియారాలలో దర్పణస్పర్శతో ఏకకాలికమైన దీపక్షణం, భూమిమీది వాని లెక్కలో దర్పణస్పర్శతో ఏకకాలికం కాదు. యౌగపద్యం పరిశీలకభేదంతో మారితే ఆ హేతువు ఏక కాలద్రవ్యాన్ని సాధించగలదా? ఉపాధిభేదంతో సమాధానం చెప్పవచ్చునా? ఇది వాక్యార్థసభలో నెలల తరబడి విచారించదగిన పూర్వపక్షం. దీనిని "వేదంలో ఉన్నదే" అని కౌగిలించుకొన్నవాడు తన దర్శనానికి ఎదురైన ప్రశ్నను తన దర్శనానికి వచ్చిన ప్రశంసగా భ్రమించాడు. "తప్పు" అని త్రోసివేసినవాడు ప్రశ్న వినకముందే చెవులు మూసుకొన్నాడు.

సంప్రదాయానికి ఇటువంటి విచారం కొత్త కాదు. నవద్వీప నైయాయికుడు రఘునాథ శిరోమణి, దిక్కాలాలు ఈశ్వరునికన్న వేరైన ద్రవ్యాలు కావని వాదించి, క్షణాన్ని ప్రత్యేక పదార్థంగా అంగీకరించాడు. ఆయనను ఎవరూ శాస్త్రద్రోహి అనలేదు. ఆయన గ్రంథాన్ని చదివి, వ్యాఖ్యానించి, విభేదించారు. దర్శనం జీవించి ఉండడమంటే అదే.

"వేదం అపౌరుషేయం, దానికి ఈ లౌకిక గణితంతో ఏమి పని?" అని అడిగేవారు ఉన్నారు. సరిగా అందుకే ఆరోపవాదం ప్రమాదకరం. ఇతర ప్రమాణాలకు అందని ధర్మబ్రహ్మలను తెలుపుతుంది గనుకనే వేదం ప్రమాణమని మీమాంసకుల నిర్ణయం. అజ్ఞాతజ్ఞాపకత్వమే దాని కిరీటం. దూరదర్శినితో, గడియారంతో కొలవదగిన సంఖ్యను వేదానికి అంటగడితే అది అనువాదవాక్యం అవుతుంది. ప్రామాణ్యపు మెట్టునుండి క్రిందికి దిగుతుంది. ప్రత్యక్షానికి గోచరమైన విషయంలో దానికి విరుద్ధంగా శ్రుతి ప్రమాణం కాజాలదని గీతాభాష్యం చివరి అధ్యాయంలో శంకరులు అగ్ని దృష్టాంతంతోనే తేల్చారు. వేదగౌరవాన్ని పెంచుతున్నామనుకొనేవారు దానిని భౌతికశాస్త్రపు తోకకు కట్టుతున్నారు.

దీని ఫలితాన్ని అనుభవించేది యువకులు. అచ్యుతాపురం కర్మాగారంలో పనిచేస్తూనో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుతూనో ఉన్న యువకుడు ఆలయమంటపంలో ఒకమాట వింటాడు: "సాయణుడు సాపేక్షతను చెప్పాడు." అతడు ఇంటికి పోయి లెక్క వేస్తాడు. ఆరు ఫలితాలూ చూస్తాడు. ఆ దినంనుండి అతడు అవిశ్వసించేది ఉపన్యాసకుని ఒక్కనినే కాదు. సాయణుని, వేదాన్ని, సంధ్యావందనాన్ని కూడా. అసత్యమైన స్తంభంమీద నిలిపిన శ్రద్ధ ఆ స్తంభంతోపాటే కూలుతుంది. ఈ నష్టానికి నాస్తికులు కారణం కారు.

మరి కర్తవ్యమేమి? దానికి దృష్టాంతం ఈ దేశంలోనే ఉన్నది. కలకత్తాలో మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసు అనే ఇద్దరు యువకులు, ముప్పది ఏళ్లు నిండకముందే, ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల జర్మన్ వ్యాసాలను ఆంగ్లంలోకి అనువదించారు. మహలనోబిస్ చారిత్రక ఉపోద్ఘాతంతో 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆ గ్రంథాన్ని ప్రచురించింది. వారు "ఇది మాదే" అనలేదు, "ఇది తప్పు" అనలేదు. వాక్యం తరువాత వాక్యం, సమీకరణం తరువాత సమీకరణం చదివారు. నాలుగేళ్లకు బోసు తన స్వంత సిద్ధాంతాన్ని ఐన్‌స్టీన్‌కే పంపగా, ఆయన దానిని స్వయంగా జర్మనులోకి అనువదించి ప్రచురింపజేశాడు. పూర్వపక్షాన్ని శ్రద్ధగా గ్రహించినవానికే సిద్ధాంతం చెప్పే అధికారం లభిస్తుందన్నదానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

పదపాఠం, క్రమపాఠం, జటాపాఠం, ఘనపాఠంతో ఒక్క స్వరం తప్పకుండా మంత్రాన్ని ముందుకూ వెనుకకూ వల్లించగల మేధస్సుకు, ఒక ఆంశిక అవకలన సమీకరణాన్ని అనుసరించడం భారం కాదు. కావలసినది సంకల్పం. ఆ వ్యాసపు మూడవ విభాగానికి తెలుగులో ప్రతిపదార్థసహితమైన వ్యాఖ్యానం ఒకటి ఉండాలి. తర్కపాఠశాలలో కాలప్రకరణం చెప్పిననాడు యౌగపద్యంమీద ఈ పూర్వపక్షాన్నీ చెప్పాలి. సమాధానం కుదిరితే నిలపాలి, కుదరకుంటే ప్రశ్నను ప్రశ్నగా తరువాతి తరానికి అప్పగించాలి. అంతవరకు వేదికలమీద ఐన్‌స్టీన్ నామాన్ని పొగడడానికీ, తెగడడానికీ ఎవరికీ అధికారం లేదు. గురువు చెప్పని పాఠాన్ని వల్లించరాదన్న నియమం వేదానికే కాదు, గణితానికీ వర్తిస్తుంది.

సత్యమేవ శరణమ్.